పాత గొట్టానికి పనస కొయ్య: ఒక ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి

టెక్కలి దగ్గర మా బంధువుల ఇంట్లో తరాలుగా పడి ఉన్న ఒక పాత తుపాకి గొట్టానికి కొత్తగా కొయ్య, అంటే గొట్టాన్ని మోసే చెక్క భాగం, తొడిగే పని ఈ నెల మొదలుపెట్టాను. మందునూ గుండునూ మూతిలోంచి పోసి, గజం అనే పొడవాటి కడ్డీతో దట్టించి పేల్చే కాలం నాటి గొట్టం అది. పొడవు 900 మిల్లీమీటర్లు. పైన ఎనిమిది పలకలు, లోపల మెలితిరిగిన గాడులు ఉన్నాయి. అసలు కొయ్యను చెదలు తినేయగా, గొట్టం వెనుక కొసను అంటిపెట్టుకొని జానెడు ముక్క ఒకటి మాత్రం మిగిలింది. వరసకు నాకు పెదనాన్న అయ్యే ఆ ఇంటి పెద్దాయన, "దీనికో రూపం తెచ్చి పెట్టు బాబూ, ఇనప ముక్కలాగ మూలన పడుండడం నాను సూడలేకపోతన్నాను" అని అడిగారు. గోడకు తగిలించుకోవడమే ఆయన కోరిక.

పనికి ముందు చట్టం సంగతి చెప్పడం అవసరం. ఈ గొట్టం వెనుక భాగాన్నీ, లోపలి మందుకు నిప్పు అందించే రంజకపు రంధ్రాన్నీ ఎప్పుడో పెదనాన్నగారి తండ్రి హయాంలోనే వెల్డింగుతో పూర్తిగా మూసేశారు. బాగుచేసినా, చేయకపోయినా పేల్చడానికి ఏ విధంగానూ పనికిరాని పాతకాలపు ఆయుధాలను 1959 నాటి ఆయుధాల చట్టంలోని 45వ సెక్షన్ తన పరిధి నుండి మినహాయిస్తుంది. అయినప్పటికీ గొట్టాన్ని మా ఊరికి తెచ్చుకునే ముందే పోలీసు స్టేషనులో చూపించి, ఏమి చేయబోతున్నామో రాతపూర్వకంగా తెలియజేశాము. ఇటువంటి వస్తువు ఇంట్లో ఉన్నవారు దానిమీద చేయి వేసే ముందు ఈ పని తప్పక చేయాలని నా గట్టి అభిప్రాయం.

పని అంతటికీ ఒకే నియమం పెట్టుకున్నాను: ఇనుము మీద ఆకురాయి ఆడించకూడదు. గొట్టానికి ఎక్కడ వంపు ఉన్నా, ఏ పలక ఎంత అరిగినా, దానికి తగినట్టు కలపే మారాలి. కొత్త గొట్టంతో కొత్త తుపాకి చేసేవారికి రెండు వైపులా సవరించుకునే వెసులుబాటు ఉంటుంది. నాకు ఆ వెసులుబాటు అక్కరలేదు. పాత కమ్మరి సుత్తి దెబ్బలు, అతను పలకలను చదును చేసినప్పటి గీతలు ఇప్పటికీ ఆ ఇనుము మీద కనిపిస్తున్నాయి. వాటిని అరగదీసి పోగొట్టుకుంటే తరువాత గోడకు తగిలించుకోవడానికి మిగిలేది నా కొయ్యపని మాత్రమే.

కాబట్టి ముందుగా కొలతలు తీసుకున్నాను. వెనుక కొస దగ్గర ఎదురెదురు పలకల మధ్య దూరం 25 మి.మీ. అది క్రమంగా సన్నబడి మూతి దగ్గర 21 మి.మీ. అవుతుంది. సమాన పలకల అష్టభుజిలో ఒక్కొక్క పలక వెడల్పు, ఎదురు పలకల మధ్య దూరంలో 0.414 వంతు ఉంటుంది గనుక, వెనుక 10.4, మూతి దగ్గర 8.7 మి.మీ. రావాలి. కాలిపర్‌తో పట్టి చూస్తే చాలాచోట్ల ఈ లెక్కకు దగ్గరగానే ఉంది. ఎడమ వైపు పలక ఒకటి మాత్రం నడుమ భాగంలో కాస్త వెడల్పుగా ఉంది. గొట్టం వెంట దారం లాగి కట్టి చూస్తే మధ్యలో సన్నని వంపు కూడా కనిపించింది. నూరు మిల్లీమీటర్లకు ఒకచోట సుద్దతో గుర్తు పెట్టి, ప్రతి గుర్తు దగ్గరి కొలతనూ పుస్తకంలో రాసుకున్నాను.

మార్చి

ఈ పనికి ఏ కలప వాడాలన్నది ముందు తేలవలసిన విషయం. ఐరోపాలో, అందులోనూ ఇంగ్లండులో, తుపాకి కొయ్యకు వాల్‌నట్ వాడేవారు. మన దేశంలో 1857 నాటి తిరుగుబాటుకు నిప్పు రాజేసిన తూటాలు ఏ తుపాకికోసం వచ్చాయో ఆ 1853 నమూనా ఎన్‌ఫీల్డు కొయ్య కూడా వాల్‌నటే. అమెరికాలోని పెన్సిల్వేనియాలో స్థిరపడిన జర్మన్ పనివారు తమ పొడవాటి రైఫిళ్ళకు అక్కడ దొరికే మేపుల్ కలపను, అందులోనూ అలలు అలలుగా పొర (కలప నార సాగే వరుస) ఉన్నదానిని ఏరి వాడుకున్నారు. అంటే తమ ప్రాంతంలో దొరికే కలపలో గట్టిదనం, తేలికదనం, వంగని గుణం మూడూ కలిసిన దానిని పనివారు ఎంచుకున్నారన్నమాట. శ్రీకాకుళం జిల్లాలో ఆ లెక్కన వెతికితే నా చూపు పనస మీద పడింది.

పనస మీద నాకున్న నమ్మకానికి కారణం బొబ్బిలి వీణ. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు చేసేవారు ఒకే పనస దుంగలోంచి కుండనూ, దండినీ కలిపి చెక్కి ఏకాండీ వీణ చేస్తారు. గోడలు పలచబడేదాకా తొలిచినా పగలకుండా, ఏళ్ళ తరబడి తంతుల లాగుడు భరిస్తూ దండి వంగకుండా నిలిచే కలపకు, కేవలం ఒక గొట్టాన్ని మోయడం బరువు కాదు. ఆ ఊరి పనివారు ఒకరిని కలిసి అడిగితే, చేవ భాగం, అంటే దుంగ నడిమి ముదురు కలప, మాత్రమే తీసుకోమనీ, అంచున తెల్లగా ఉండే భాగాన్ని పురుగు వదలదనీ చెప్పారు. పనసలో పొర ఒక వరుస ఇటు, మరొక వరుస అటు మెలిపడి ఉండడం వలన చిత్రిక పట్టినప్పుడు లేచిపోతుందని కూడా హెచ్చరించారు. ఆ హెచ్చరిక తరువాత చాలా ఉపయోగపడింది.

నాకు దొరికిన పలక ఉద్దానంలోనిది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు లెక్కలేనన్ని కూలిపోయాయి. అప్పుడు పడిన ఒక పెద్ద పనసను కోయించి, పలకలు చేసి, పశువుల శాలలో అడుగున కర్రలు పేర్చి ఆరబెట్టిన రైతు దగ్గర ఇది తీసుకున్నాను. 65 మి.మీ. మందం, 200 మి.మీ. వెడల్పు, మనిషి నిలువంత పొడవు. నీడన ఆరే కలపకు అంగుళం మందానికి ఏడాది చొప్పున గడువు ఇవ్వాలన్న పాత లెక్క ప్రకారం దీనికి రెండున్నర ఏళ్ళు చాలు. అంతకు రెట్టింపుకన్నా ఎక్కువే గడిచింది. అయినా దానిని నా పని గదిలో ఉంచి వారానికోసారి తూచుతూ వచ్చాను. బరువు తగ్గడం ఆగిందంటే చుట్టూ ఉన్న గాలితో ఆ కలప సర్దుకుందని అర్థం.

పలకలో కొయ్యను ఎక్కడ గీసుకోవాలన్నది కోతకన్నా ముఖ్యమైన నిర్ణయం. తుపాకి కొయ్యలో అన్నిటికన్నా బలహీనమైన చోటు, చేతితో పట్టుకునే సన్నని మెడ. అక్కడ పొర అడ్డంగా పోయిందంటే ఒక్కసారి కింద పడినా విరిగిపోతుంది. గొట్టం కింద పొర తిన్నగా సాగి, మెడ దగ్గర దానితోపాటు కిందికి వాలి, భుజానికి ఆనే మడమలోకి దిగాలి. అట్టతో తుపాకి ఆకారాన్ని కత్తిరించి, పలక మీద అటూ ఇటూ జరుపుతూ చూస్తే, ఒక కొమ్మ మొదలైన చోట పొర సహజంగానే వాలిన భాగం కనిపించింది. మెడ సరిగ్గా అక్కడ వచ్చేలా గీత గీశాను. దీనివలన పలకలో చాలా భాగం వృథాగా మిగిలింది, కానీ ఈ విషయంలో పొదుపు చేయకూడదు. మెడ ఎంత వాలాలో, గొట్టం తోక (వెనుక కొసన మెడలోకి దిగే ఇనుప పట్టీ) ఎంత వంపుతో దిగాలో నేను ఊహించుకోవలసిన పని పడలేదు. చెదలు వదిలిన ఆ జానెడు పాత ముక్కే ఆ కోణాన్ని చూపించింది.

ఏప్రిల్

గీతకు బయట 10 మి.మీ. వదిలి ముతకగా కోయించి, నెల పొడుగునా కదపకుండా ఉంచాను. పెద్ద పలకలోంచి ఒక పక్క కలప తీసేస్తే లోపల బిగిసి ఉన్నది సడలి మిగతాది మెలితిరగవచ్చు. ఆ తిరుగుడు ఏదో గాడి తవ్వకముందే తిరగనివ్వాలి. ఈ ముక్క మూతి వైపు కొద్దిగా పైకి లేచింది. పై అంచును మళ్ళీ చిత్రిక పట్టి సమం చేశాను.

మే, జూన్

గొట్టాన్ని కలపలోకి దింపే పని ఇది. మొత్తం ప్రాజెక్టుకు ప్రాణం ఇదే అనుకుంటున్నాను. మిగిలిన చెక్కుడంతా కంటికి కనిపించే అందం. ఇది మాత్రం ఎవరికీ కనిపించదు, అయినా ఇది సరిగా లేకపోతే మిగతాదేదీ నిలవదు.

గొట్టంలో సరిగ్గా సగం కలపలో ఉండాలి, సగం పైకి కనిపించాలి. అంటే కొయ్య పై అంచు, పక్క పలకల నడిమి గీతతో కలవాలి. ఆ లెక్కన గాడి లోతు వెనుక 12.5, మూతి దగ్గర 10.5 మి.మీ. ఉండాలి గనుక గాడి అడుగు కూడా గొట్టంతోపాటు వాలుతూ పోవాలి. పై అంచు మీద నడిమి గీత గీసి, దానికి ఇరుపక్కలా ముందే రాసుకున్న కొలతలను గుర్తు పెట్టి కలిపాను. దారంతో పట్టిన ఆ సన్నని వంపును కూడా ఇక్కడే గీతలోకి తెచ్చాను. తిన్నని గాడి తవ్వి వంపు ఉన్న గొట్టాన్ని బిగిస్తే, మరలు వదులు చేసిన ప్రతిసారీ గొట్టం పైకి తన్నుకు వస్తుంది.

తవ్వడం మూడు అంచెలుగా సాగింది. మొదట అడుగు పలక వెడల్పుకు సరిపడా ఒక నిలువు గాడిని పూర్తి లోతుకు తీశాను. తరువాత పై నుండి పక్క గోడలను పూర్తి వెడల్పుకు, వెనుక 5.2, మూతి దగ్గర 4.3 మి.మీ. లోతు వరకు దింపాను. ఆ రెండింటి మధ్య మిగిలిన మూలను 45 డిగ్రీల వాలుగా చెక్కితే అష్టభుజిలో కింది సగం తయారవుతుంది. లెక్క ఇంత సులువుగా ఉన్నా, పనస పొర మాత్రం చేతికి సులువుగా లొంగదు. ఉలిని మూతి నుండి వెనక్కి నడిపితే కొంత దూరం నున్నగా తెగి, తరువాత జానెడు మేర చీలికగా లేస్తుంది. అక్కడ దిశ మార్చి ఎదురుగా రావాలి. గొల్లపల్లి పెద్దమనిషి చెప్పినట్టే, ఉలికి ప్రతి పూటా పదును పెడుతూ, పలచని పెచ్చులుగా తీస్తూ పోతే తప్ప గోడలు నున్నగా రాలేదు.

ఇంతవరకు కొలతతో నడిచిన పని, ఇక్కడి నుండి మసితో నడుస్తుంది. కిరోసిన్ బుడ్డి మంట మీద రేకు పెట్టి మసి పట్టి, దానిని రెండు చుక్కల నూనెతో కలిపి గొట్టం కింది పలకలకు పలచగా పూయాలి. గొట్టాన్ని గాడిలో పెట్టి, కొయ్య సుత్తితో మెల్లగా తట్టి, తిన్నగా పైకెత్తాలి. కలప ఎక్కడ ఎత్తుగా ఉందో అక్కడ నల్లని మచ్చ పడుతుంది. ఆ మచ్చను మాత్రమే గీరి, మళ్ళీ గొట్టం దింపాలి. మొదట్లో మచ్చలు అక్కడొకటి ఇక్కడొకటిగా పడతాయి. పోనుపోను అవి చిక్కబడి గాడి అంతటా ఒకే తీరుగా పరుచుకుంటాయి. ఎడమ పలక వెడల్పుగా ఉన్నదని ఫిబ్రవరిలో రాసుకున్న చోట మచ్చ అన్నిటికన్నా ఆలస్యంగా తగ్గింది. ఒక కొసను పట్టి గొట్టాన్ని ఎత్తితే రెండో కొస దగ్గర గాడి అంచు చిట్లుతుంది గనుక, రెండు వైపులా తాడు ఉచ్చులు వేసి సమంగా ఎత్తుతూ వచ్చాను.

గొట్టం పూర్తిగా దిగే దశలో దాని వెనుక ముఖం కలపను నిండుగా ఆనాలి. పేలే తుపాకిలో వెనక్కి తన్నే దెబ్బనంతా ఆ ముఖమే కలపకు అందిస్తుంది. అక్కడ ఒక్క మూల మాత్రమే తగిలితే బలమంతా అక్కడే పడి మెడ నిలువునా చీలుతుంది. పేలని ఈ గొట్టం విషయంలో కూడా నేను అదే ప్రమాణం పాటించాను. మసి ఆ ముఖం నాలుగు మూలలా పడేవరకు తోకను పూర్తిగా దింపలేదు. పక్క గోడల దగ్గర మాత్రం కాగితం మందం ఖాళీ కావాలనే వదిలాను. శ్రావణ భాద్రపదాల తేమకు కలప అడ్డంగా ఉబ్బినప్పుడు గొట్టాన్ని బిగబట్టకుండా ఉండాలంటే ఆ కాస్త చోటు ఉండాలి.

గొట్టం అడుగున మూడు చిన్న ఇనుప చెవులు ఉన్నాయి. కొయ్య పక్కనుండి దూర్చిన సన్నని చీలలు వాటిలోంచి వెళ్ళి గొట్టాన్ని పట్టుకుంటాయి. ఎన్‌ఫీల్డు వంటి సైనిక తుపాకులలో ఈ పనిని గొట్టాన్నీ కొయ్యనూ చుట్టిన మూడు ఇనుప పట్టీలు చేసేవి. చీలల పద్ధతి వేట తుపాకులలో ఎక్కువ. చెవులను మసి తుడిచి పరిశీలిస్తే, వాటి రంధ్రాలు గుండ్రంగా కాక గొట్టం పొడవునా కోలగా ఉన్నాయి. తొలిచినవాడు తెలిసినవాడు. పచ్చి కలప పూర్తిగా ఆరేసరికి పొడవునా తగ్గేది నూటికి 0.1 నుండి 0.2 వంతు మాత్రమే. ఆరిన కలప రుతువుల మధ్య కదిలేది అంతకన్నా తక్కువ. అయినా గొట్టం పొడవు మీటరుకు దగ్గరైనప్పుడు ఆ కదలికకే సన్నని చీల వంగుతుంది, లేదా కలప పెచ్చు ఊడుతుంది. కోల రంధ్రం చీలకు ఆ కదిలే చోటు ఇస్తుంది. నేను గొట్టం మీద ఆకురాయి పెట్టనని ముందే అనుకున్నాను. పెట్టవలసిన పని లేకుండా ఆ పాత పనివాడే చేసి ఉంచాడు.

జులై

గజం దూరే రంధ్రం వేసే పని ఇది. గజం ముందు సగం కొయ్య అడుగున తెరిచిన కాలువలో ఉంటుంది, వెనుక సగం పూర్తిగా కలప లోపలికి పోతుంది. ఈ రంధ్రానికీ, పైనున్న గొట్టపు గాడికీ నడుమ నేను వదిలినది 5 మి.మీ. మాత్రమే. అందులోకి చెవులు 4 మి.మీ. దిగుతాయి. రంధ్రం తొలిచే బర్మా పక్కకు తప్పి పైకి పోతే గాడిలోకి తేలుతుంది, కిందికి పోతే కొయ్య అడుగును చీల్చుకుని బయటికి వస్తుంది.

కాశీబుగ్గలో ఒక లేతు షాపులో 9 మి.మీ. బిట్‌ను పొడవాటి 8 మి.మీ. కడ్డీకి తిన్నగా అతికించి ఇచ్చారు. ముందు సగంలోని కాలువను పూర్తిగా తీసి, గజంలాగే నున్నగా చేశాక, ఆ కాలువనే బర్మాకు దారిగా వాడుకున్నాను. కాలువ మీద రెండు చోట్ల చెక్క దిమ్మెలను క్లాంపులతో బిగిస్తే కడ్డీ పైకి లేవదు. కరెంటు బర్మా వేగాన్ని తగ్గించి, రెండంగుళాలు పోగానే బయటికి లాగి పొట్టు దులుపుతూ వెళ్ళాను. పొట్టు లోపల బిగిస్తే బిట్ వేడెక్కి మెత్తని పొర ఉన్న వైపుకు జరుగుతుంది. చెవులు కూర్చునే గుంటలను ముందే తీసి ఉంచడం ఇక్కడ పనికొచ్చింది. బిట్ వెనుక చెవి గుంట కింద నుండి వెళ్ళినప్పుడు, అడుగున మిగిలిన పలచని పొర మీద వేలు పెడితే కదలిక తెలుస్తుంది. సరైన లోతులోనే వెళుతోందని అలా రూఢి చేసుకుని మిగతాది పూర్తి చేశాను.

ఆగస్టు

బయటి ఆకారం చెక్కడం చూసేవారికి ఎక్కువ ఇష్టమైన భాగం. బాడిసతో, తరువాత బరక ఆకురాయితో, చివరికి గాజు పెంకుతో గీరి ఈ నెలంతా ఆ పని సాగింది. గుండ్రటి రూపం కావాలంటే నేరుగా గుండ్రంగా చెక్కకూడదు. మెడను మొదట నాలుగు పలకలుగా, తరువాత ఎనిమిదిగా, పదహారుగా చేసుకుంటూ వస్తే రెండు పక్కలూ సమంగా వస్తాయి. మడమ అంచును ఒక పిసరు కుడివైపుకు వాల్చాను. కుడి భుజానికి ఆనించినప్పుడు కన్ను గొట్టం నడిమి గీతకు చేరడానికి పాత పనివారు అలా చేసేవారు. గోడ మీద ఉండే వస్తువుకు అది అవసరమా అని పెదనాన్నగారు అడిగారు. రూపం తెచ్చిపెట్టమన్నది ఆయనే గనుక, ఆ రూపంలో ఇది కూడా భాగమని చెప్పాను.

కలప పొడిని పీల్చకుండా ముక్కుకు గుడ్డ కట్టుకున్నాను. పొడి చక్కని పసుపు రంగులో ఉంటుంది. శ్రీలంకలోనూ, బర్మాలోనూ బౌద్ధ భిక్షువుల వస్త్రాలకు పనస చేవను ఉడికించి రంగు వేసేవారని విన్నవారికి ఆ పొడిని చూస్తే కారణం అర్థమవుతుంది. వర్షాలు పడుతున్న ఈ రోజుల్లో గొట్టాన్ని ఒకసారి దింపి చూశాను. పక్క గోడలు కొద్దిగా దగ్గరపడ్డాయి గానీ గొట్టం తేలికగానే దిగింది.

సెప్టెంబరు

తడిగుడ్డతో కొయ్యను తుడిచి, లేచిన నూగు ఆరాక సన్న గరుకు కాగితంతో తీసేయడం రెండు మూడు విడతలుగా చేసి, అవిసె నూనె పట్టించడం మొదలుపెట్టాను. లక్క పాలిష్ వేస్తే త్వరగా మెరుస్తుంది, కానీ మన తీరపు తేమకు తెల్లబడుతుంది. పైగా చిన్న గీత పడినా మొత్తం మళ్ళీ వేయాలి. అవిసె నూనె గాలిలోని ఆక్సిజనుతో కలిసి గట్టిపడుతుంది కాబట్టి పూత ఎంత పలచగా ఉంటే అంత బాగా ఆరుతుంది. మందంగా పూస్తే వారాల తరబడి జిగురుగానే ఉంటుంది. ఈ ముసురులో ఒక్కొక్క పూత ఆరడానికి వేసవిలో పట్టేదానికన్నా చాలా ఎక్కువ సమయం పడుతోంది. గాడి లోపలికీ, గజం రంధ్రంలోకీ కూడా నూనె పట్టించాను. బయట మాత్రమే పూస్తే లోపలి నుండి తేమ ఎక్కుతుంది.

నూనె తుడిచిన గుడ్డలను ఉండగా చుట్టి మూలన పడేయకూడదు. నూనె గట్టిపడేటప్పుడు పుట్టే వేడి ఆ ముద్దలో నిలిచిపోయి గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది. నేను వాటిని నీళ్ళ బక్కెట్టులో ముంచి, తరువాత ఆరుబయట దండెం మీద విడివిడిగా ఆరేస్తున్నాను. ఇల్లాలూ పిల్లలూ తిరిగే చోట పనిచేసే ప్రతివారూ ఇది పాటించాలి.

రంగు వేయలేదు. పనస చేవ వెలుతురు తగిలే కొద్దీ పసుపు నుండి బంగారు రంగుకూ, అక్కడి నుండి ముదురు గోధుమ రంగుకూ మారుతుంది. రెండు పక్కలూ ఒకే తీరుగా మారడానికి కొయ్యను కిటికీ దగ్గర పెట్టి రోజు మార్చి రోజు తిప్పుతున్నాను. గొట్టానికి తేనెమైనం పలచగా రుద్దాను, ఇనుము తడి కలపకు తగిలితే రెండూ నల్లబడతాయి.

ఇక మిగిలినవి ఇత్తడి పనులు. మడమకు పలక, మూతి దగ్గర కొయ్య అంచుకు తొడుగు, గజం జారకుండా రెండు గొట్టాలు కావాలి. మడమ పలకను కూడా మసి పద్ధతిలోనే కలపకు దింపాలి, కాకపోతే అది కొత్త ఇత్తడి గనుక దానిని మాత్రం ఆకురాయితో సవరించుకోవచ్చు. చీలల రంధ్రాలు అన్నిటికన్నా చివర వేస్తాను. వర్షాలు తగ్గి, కలప బరువు మళ్ళీ మార్చి నాటి అంకె దగ్గరికి వచ్చాక, కోల రంధ్రానికి సరిగ్గా నడుమ చీల వచ్చేలా గుర్తు పెట్టి తొలచాలి. ఇత్తడి రేకు 2 మి.మీ. మందంలో విజయనగరం నుండి తెప్పిస్తున్నాను.